మహమ్మారి కాలమున మంచిర్యాలకు వార్త యెవరు చెప్పిరి?

ప్రపంచారోగ్యసంస్థవారు కోవిడ్ వ్యాధి విషయమున ప్రకటించిన అంతర్జాతీయ అత్యయిక పరిస్థితిని 2023వ సంవత్సరము మే నెల 5వ తేదీన ముగించిరి. అది మొదలు మన దేశమున ఆ వ్యాధినిగుఱించి మాటలాడుటయే యొక అనుచితమైన పని యైనట్లున్నది. మృతుల యిండ్లలో తప్ప తక్కినచోట్ల ఆ ప్రసంగము వినరాదు. ప్రభుత్వమువారు మఱచిరి, వారు మఱచుటలో వింత లేదు. ప్రజలును మఱచుచున్నారు, అదియే మాకు వెఱపు గొల్పుచున్నది. మహమ్మారి లేనినాడు మహమ్మారి మాట యేల యని పాఠకులలో కొందఱు మమ్మడుగవచ్చును. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వువాని మాట మన యిండ్లలో అందఱు నెఱిగినదే. వ్యాధి యున్ననాడు అధికారులకు తీరిక లేదు. వ్యాధి లేనినాడు వారికి తలంపు లేదు. ఆ తలంపు పుట్టించుటకే మేమీ విషయమును నేడు చర్చకు దెచ్చుచున్నాము.

మంచిర్యాల జిల్లా 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పూర్వపు ఆదిలాబాదు జిల్లానుండి విడివడి యేర్పడినది. వ్యాధి తెలంగాణమున అడుగిడునాటికి దాని వయస్సు మూడున్నర యేండ్లు మాత్రమే. 2011 జనగణనము ననుసరించి ఎనిమిది లక్షలకు పైబడిన జనము, పదునెనిమిది మండలములు. ఒకవంక మందమర్రి, రామకృష్ణాపురము, శ్రీరాంపురము, బెల్లంపల్లి బొగ్గుగనులు, వేఱొకవంక జన్నారము, దండేపల్లి, కాసిపేట అడవులలో గోండుల, కోలాముల గూడెములు, తూర్పున కోటపల్లి, వేమనపల్లి మండలముల యంచున ప్రాణహిత, దాని కావల మహారాష్ట్రము, దక్షిణమున గోదావరి. కాజీపేటనుండి బల్లార్షాకు పోవు రైలుమార్గము మన పట్టణముమీదుగనే పోవుచున్నది. పల్లెలనుండి గల్ఫు దేశములకు కూలికి పోయిన కొడుకులు, గనులలో పనికి పొరుగు రాష్ట్రములనుండి వచ్చిన కార్మికులు, పంటచేనుకు నదిదాటి వచ్చు కూలీలు. వ్యాధికి ఇన్ని ద్వారములు తెఱచియున్న జిల్లాకు 2020లో వైద్యకళాశాల లేదు. అది 2022 నవంబరునగాని ప్రారంభము కాలేదు. ప్రాణము మీదికి వచ్చిన రోగిని కరీంనగరమునకో, రెండువందల కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదునకో గొనిపోవలసినదే. ఇట్టిచోట సరియైన వార్త యనునది మందుతో సమానము. ఏ దవాఖానాలో పడక ఖాళీగా నున్నదో తెలిసినవాడు బ్రదికెను. తెలియనివాడు దారిలో తిరిగెను.

తెలంగాణమున తొలి రోగి 2020 మార్చి 2వ తేదీన వెల్లడియయ్యెను. ఆ నెల నడుమ కరీంనగరమునకు వచ్చిన ఇండోనేషియా దేశీయులలో వ్యాధి కనబడినదన్న వార్త పుట్టగానే ఉత్తర తెలంగాణమంతయు ఉలికిపడెను. 22వ తేదీన జనతా కర్ఫ్యూ. 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌను. ఏది మూసిరో, ఎవరు వీథిలోనికి రారాదో ప్రతివారికిని తెలియవచ్చెను. పోలీసువారి లాఠీ యా వార్తను చక్కగా చేరవేసెను. కాని తన వాడలో వ్యాధి యున్నదా లేదా, పరీక్ష యెచట చేయుదురు, ఊపిరాడని మనిషి నెక్కడికి గొనిపోవలెను అను ప్రశ్నలకు సమాధానము ఫోనులలో తిరుగు వదంతులనుండియే వెదకికొనవలసి వచ్చెను. అంతకుముందే, ఫిబ్రవరి నెలలో, కోడిమాంసము తినిన కరోనా వచ్చునను పుకారు పుట్టి ధరలు పడిపోగా, రాష్ట్రమంత్రులు హైదరాబాదున వేదికనెక్కి కోడికూర ఆరగించి చూపిరి. మంచిదే, పుకారునకు మందు వెలుతురే. కోళ్ల వ్యాపారమునకు చిక్కు వచ్చినపుడు పనిచేసిన ఆ చుఱుకుదనము మనుష్యులకు చిక్కు వచ్చినపుడు ఏమైనదని మాత్రమే మా ప్రశ్న.

రాష్ట్ర ఆరోగ్యశాఖవారు దినదినము ఒక బులెటిను నిచ్చుచుండినమాట నిజము. అది ఇంగ్లీషు భాషలో నుండెను. జిల్లా కొక్క యంకె. మంచిర్యాల యెదుట ఇరువది యని యున్నదనుకొందము. ఆ యిరువదిమంది చెన్నూరువారో, నస్పూరువారో, జన్నారమువారో దానివలన తెలియదు. చెన్నూరునకును జన్నారమునకును నడుమ జిల్లా వెడల్పంత దూర మున్నది. ఒకచోటి వ్యాధికి వేఱొకచోట తలుపులు మూసికొనుటయు, వ్యాధి యున్నచోట సంతకు పోవుటయు ఇట్టి యంకెలవలని ఫలమే. అంతేకాదు, మృతులలో కోవిడ్‌చేతనే పోయినవారు నూటికి 44.96 అనియు, ఇతర వ్యాధులుండి పోయినవారు నూటికి 55.04 అనియు ఆ బులెటిను చెప్పుచుండెను. నెలలు గడచెను, మృతులు పెరిగిరి, ఆ రెండంకెలు మాత్రము కదలక యట్లే యుండెను. చావులు ఇంత క్రమశిక్షణతో సంభవించుట మే మెన్నడును వినలేదు. లెక్క వ్రాయువారికే ఆ లెక్కమీద శ్రద్ధ లేనపుడు చదువువారికి నమ్మక మెట్లు కలుగును?

తెలంగాణ ఉన్నత న్యాయస్థానమువారు 2020వ సంవత్సరమున ఈ విషయమై ప్రభుత్వమును పలుమాఱులు మందలించిరి. బులెటినులో వివరములు చాలవనియు, ప్రజలకు సత్యము తెలుపవలెననియు చెప్పిచెప్పి, తుదకు జూలై నెలలో ప్రభుత్వ ప్రధానకార్యదర్శిని స్వయముగా హాజరు కమ్మనిరి. దానితో దవాఖానాల పేర్లు, పడకల లెక్కలు బులెటినులో కనబడజొచ్చెను. న్యాయస్థానము గద్దించినగాని పడకల లెక్క జనులకు చెప్పరాదను నియమ మెక్కడిది? ఆ లెక్క ప్రభుత్వమువద్ద లేక కాదు. చెప్పు నలవాటు లేక. ఈ యలవాటు లేమికి మూలము మిక్కిలి పాతది. దానిని కొంచెము విచారింతము.

2020లో మన ప్రభుత్వములు చేతబట్టిన ఆయుధము 1897వ సంవత్సరపు అంటువ్యాధుల చట్టము. బొంబాయిలో ప్లేగు పుట్టగా పరప్రభుత్వమువారు హుటాహుటిగా చేసిన శాసనమది. దానిలో నిబంధనలు నాలుగే. ప్రభుత్వము తనకు తోచిన ఆంక్షలు విధింపవచ్చును, మీఱినవారిని శిక్షింపవచ్చును, సద్భావముతో పనిచేసిన అధికారిపై దావా చెల్లదు. విధించిన యాంక్షను బహిరంగముగ ప్రకటింపవలెనని దానిలో నున్నది. వ్యాధి యెచట నున్నదో, ప్రజలకు ఏ సహాయము దొరకునో చెప్పవలెనని యెందును లేదు. ఆ యేడే పూనాలో సైనికులు ఇండ్లలో జొరబడి రోగులను వెదకిన తీరును కేసరి పత్రికలో తిలక్ మహాశయుడు తీవ్రముగ విమర్శించెను. ఆ యేడే ఆయన రాజద్రోహ నేరమున పదునెనిమిది నెలల కారాగారవాసమునకు పాత్రుడయ్యెను. ప్లేగునకంటె ప్లేగునుగుఱించిన మాటకే యానాటి సర్కారు ఎక్కువ భయపడెను. మన తెలంగాణమున నైజాము పాలనలో ప్లేగు రోగులకొఱకు క్వారంటైను దవాఖానా వెలసెను. జనుల నోట ఆ మాట నలిగి ‘కోరంటి దవాఖానా’ యయ్యెను. నేటికిని నల్లకుంట జ్వరాసుపత్రిని పెద్దలు కోరంటి యనియే యందురు. అర్థము కాని పరభాషాపదమును జనులు తమ నోటికి తగినట్లు మలచుకొన్నారుగాని, ఆ పదముతో వచ్చిన పద్ధతిని పాలకులు జనులకు తగినట్లు మలచలేదు. 2020 సెప్టెంబరులో పార్లమెంటువారు 1897 చట్టమును సవరించిరి. వైద్యసిబ్బందిపై దౌర్జన్యము చేయువారికి శిక్షలు హెచ్చించిరి, అది న్యాయమే. ప్రజలకు సమాచారమిచ్చు బాధ్యత మాత్రము దానిలో చేరలేదు.

అయినను మనము నిస్సహాయులము కాము. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టమున నాలుగవ విభాగమున్నది. ఎవరును అడుగకయే, నియమితకాలములందు, ప్రభుత్వ కార్యాలయములు తమంతతాము సమాచారమును వెల్లడింపవలెనని ఆ విభాగము శాసించుచున్నది. స్థానికభాషను, ఆ ప్రాంతమున జనులకు బాగుగా నందు పద్ధతిని దృష్టియందుంచుకొని చెప్పవలెననియు దానిలోనే యున్నది. నోటీసుబోర్డు, వార్తాపత్రిక, బహిరంగ ప్రకటన మొదలగు మార్గములను పేరుపెట్టి చెప్పినది. ఈ యొక్క విభాగమును మన జిల్లాలో అక్షరాల నమలు జరిపియున్నచో, 2020లో ప్రతి గ్రామపంచాయతీ గోడమీద తెలుగులో ఒక కాగితము దినదినము కనబడియుండవలసినది. 1897 చట్టము అధికారము నిచ్చుచున్నది. 2005 చట్టము బాధ్యతను మోపుచున్నది. మన కార్యాలయములలో మొదటిదానిని వెదకుట కెవ్వరికిని కష్టము కలుగలేదు.

వార్త తెలియమివలన కలుగు నష్టము రూపాయలలో సయితము లెక్కింపదగియున్నది. సుప్రీంకోర్టువారు 2021 జూన్ 30వ తేదీన ఇచ్చిన తీర్పు ననుసరించి, కోవిడ్ మృతుల కుటుంబములకు తలకు 50,000 రూపాయల సహాయధనము ఇయ్యవలెనని ఆ యేడు నిర్ణయమయ్యెను. వ్యాధి నిర్ధారణయైన ముప్పది దినములలో మరణించినవారిని, దవాఖానాలో పోయినను ఇంటిలో పోయినను, కోవిడ్ మృతులుగనే యెంచవలెనని మార్గదర్శకములు వెలువడెను. మరణపత్రములో వ్యాధిపేరు లేనివారు జిల్లా సంఘమున కర్జీ పెట్టుకొనవచ్చుననిరి. తరువాత 2022 మార్చి 24వ తేదీన సుప్రీంకోర్టువారు గడువు విధించిరి: అంతకుముందు పోయినవారి కుటుంబములకు అఱువది దినములు. ఆ గడువు తీఱిపోయినది. 2022 జనవరి నాటికి తెలంగాణ ప్రభుత్వము లెక్కలో కోవిడ్ మృతులు దాదాపు నాలుగువేలు. సహాయధనమునకు వచ్చిన దరఖాస్తులు ఇరువదితొమ్మిదివేలకు దగ్గఱ. ఈ రెండంకెల నడుమనున్న అగాధమును పాఠకులే చూచుకొందురుగాక. దరఖాస్తు పెట్టినవారు వార్త విన్నవారు. విననివా రెందఱు? కాసిపేట అడవిలో గూడెమునందలి వితంతువునకు మీసేవా కేంద్రమునకు పొమ్మని యెవరు చెప్పిరి? అఱువదియవ దినము రేపనగా ఏ డప్పు మ్రోగెను? రెండుపూటలు గంజికి వెదకుకొను యింట ఏబదివేలు చిన్నమొత్తము కాదు. ఒక కాగితము గోడకంటించి యుండినచో అది యా యింటికి చేరియుండెడిది.

టీకాల సంగతియు నించుమించుగ నట్టిదే. 2021 మే నెలలో నలువదియైదేండ్లలోపువారు కోవిన్ అను యంత్రజాలమున పేరు నమోదుచేసికొన్నగాని సూది లేదనిరి. తొలుత అది ఇంగ్లీషున మాట్లాడినది. జూన్ నాటికిగాని తెలుగు నేర్వలేదు. పట్టణములలో ఫోను చేతబట్టి గడియకొకసారి వెదకువారు పల్లె కేంద్రములకు కార్లలో పోయి సూదులు పొడిపించుకొనుటయు, ఆ పల్లెవారు చూచుచుండుటయు పలుచోట్ల జరిగినది. సుప్రీంకోర్టువారే యీ యన్యాయమును ప్రశ్నించిరి.

మేము కేవలము దోషములనే యెన్నుటకు కలము పట్టలేదు. 2021 మేలో రెండవ తరంగ ముద్ధృతముగ నున్నపుడు ఆశా కార్యకర్తలు, నర్సులు, పంచాయతీ, పురపాలక సిబ్బంది ఇంటింటికి పోయి జ్వరమున్నవారిని విచారించి మందుల సంచులు పంచిరి. మండుటెండలో, నెలకు నాలుగురాళ్ల పారితోషికముతో, తమ యిండ్లలో పసిపిల్లలనుంచుకొని వారు చేసిన సేవకు మేము చేతులెత్తి నమస్కరించుచున్నాము. పరీక్షల ఫలితముకొఱకు కాచుకొనక మందు ముందిచ్చుట మంచి యాలోచనయే. సింగరేణి సంస్థవారు తమ ఏరియా దవాఖానాలలో కార్మికులకు చికిత్స జరిపించిరి. కాని యా జ్వరసర్వేలో ఏ యూరిలో నెందఱికి జ్వరమున్నదో వ్రాసికొన్న కాగితములు పైకి పోయెను; పైనుండి రాష్ట్రపు మొత్తము క్రిందికి వచ్చెను. ఊరివారి జ్వరము లెక్క ఊరివారికి చదివి వినిపించుటకు ఏమి యడ్డము? ఆశా కార్యకర్తకు తెలిసినది, పంచాయతీ కార్యదర్శికి తెలిసినది, కలెక్టరుగారికి తెలిసినది. జ్వరము వచ్చిన యూరికి మాత్రమే తెలియలేదు!

ప్రభుత్వమునకు చెప్పుట చేతగాదందుమా? నీటి విషయమున చేతనైనదే. 2022 జూలైలో కడెము ప్రాజెక్టునకు వరద పోటెత్తి కట్ట నిలుచునో తెగునో యని యుత్తర తెలంగాణమంతయు మేలుకొన్ననాడు, ఎంత నీరు వచ్చుచున్నది, ఎంత పోవుచున్నది, ఎన్ని గేట్లెత్తిరి అనునది గడియగడియకు తెలిసెను. ఎల్లంపల్లి మట్టము ప్రతి టీకొట్టులోను చర్చించిరి. ఆ వరదలోనే గోదావరి నీరు మన పట్టణపు మాతాశిశు దవాఖానాలో ప్రవేశింపగా తల్లులను బిడ్డలను వేఱొకచోటికి తరలింపవలసివచ్చెను. (దవాఖానాను నది యొడిలో కట్టిన బుద్ధినిగుఱించి వేఱొకమాఱు వ్రాసెదము.) నది పెరుగుదల చెప్పగల సర్కారు జ్వరపు పెరుగుదల చెప్పలేదా? గనిలో షిఫ్టు మాఱునపుడు సైరను మ్రోగును. దానిని విని పనికి పోవని యూరివారు సయితము పొద్దు తెలిసికొందురు. అట్లు అందఱికి నొకేసారి వినబడు వార్త కావలెను.

వార్త చెప్పిన జనులు బెదరుదురను వాదమొకటి కలదు. అధికారులలో మంచివారు సయితము దీనిని చెప్పుదురు. 2020లో రోగి యింటిముందు ఎఱ్ఱ కాగితమంటించి, కట్టెలు కట్టి, ఆ యింటివారిని వెలివేసినట్లు చేసిన సంఘటనములు వారు చూపుదురు. శ్మశానమునకు శవమును రానీయని యూళ్లను చూపుదురు. నిజమే, సిగ్గుపడవలసిన కార్యములే. కాని యవి జరిగినది వార్త తెలిసినందుననా? పేరు తెలిసినది, వ్యాధి సంగతి తెలియలేదు, అందుచేత జరిగినవి. మేము కోరునది రోగుల పేర్లు కాదు, చిరునామాలు కావు. వాడ కెంతమంది యను లెక్క, ఏమి చేయవలెనను సూచన, ఎక్కడికి పోవలెనను తోవ. శవమువలన వ్యాధి యెంతవఱకు వ్యాపించును, ఎంతవఱకు వ్యాపింపదు అని వైద్యుడు ఊరి నడుమ నిలిచి తెలుగున చెప్పియుండినచో శ్మశానముకడ గొడవ లుండెడివి కావు. 2021 ఏప్రిల్ 30వ తేదీన సుప్రీంకోర్టువారు, ఆక్సిజనుకో పడకకో మొఱపెట్టుకొను పౌరులపై వదంతుల నెపమున చర్య తీసికొనరాదని ఆజ్ఞాపించిరి. వదంతియని గద్దించు సర్కారు తన చేతిలోని నిజమును ముందు బయటపెట్టవలెను.

ఇది కోవిడ్‌తో తీఱిపోయిన విషయము కాదు. 2019 అక్టోబరున, కోవిడ్ పేరు వినకముందే, మన మంచిర్యాల పట్టణమున ఒకే యింటివారు నలుగురు ఇంచుమించు ఒక పక్షము దినములలో డెంగీ జ్వరమునకు బలియైరి. ఆ వార్త దేశమంతట పత్రికలలో వచ్చెను. ప్రతి వానకాలమున డెంగీ, మలేరియా మన వాడలకును, అడవిగూడెములకును తప్పని చుట్టములు. ఏ వాడలో దోమల జ్వరము ముదిరినదో మొదటి వారముననే ఆ వాడకు చెప్పినచో ఎన్ని తొట్లు బోర్లింపబడును, ఎందఱు తల్లులు రెండవనాడే పిల్లలను దవాఖానాకు తెత్తురు!

కావున మా కోరిక చిన్నది. వానకాలము నాలుగునెలలు వారమున కొక్కమాఱు, మహమ్మారి వచ్చిన దినమున కొక్కమాఱు, జిల్లా వైద్యాధికారిగారి పేర ఒక కాగితము తెలుగున వెలువడవలెను. అందు మండలమువారీగా కాదు, గ్రామమువారీగా, పట్టణములందు వార్డువారీగా జ్వరముల లెక్క యుండవలెను. జిల్లాలోని దవాఖానాలలో ఖాళీ పడకలు, ఆక్సిజను గల పడకలు, పాముకాటు మందు, రక్తపు నిల్వ యెచట నున్నదో యుండవలెను. సర్కారు సహాయధనమేదైన నున్న దానికి గడువు తేదీ పెద్ద యక్షరములలో నుండవలెను. పంచాయతీ గోడ, రేషను దుకాణము, రైల్వేస్టేషను, బస్టాండు, గని గేటు: ఈ చోట్ల నంటింపవలెను. చదువురానివారికి డప్పు చాటింపు కలదు. గోండుల, కోలాముల గూడెములలో వారి భాషలో చెప్పింపవలెను. అక్కడి ఆశా కార్యకర్తలకంటె అందుకు తగినవారు లేరు. గనులలోను ఇటుకబట్టీలలోను పనిచేయు ఉత్తరాదివారికి హిందీలోను, పట్టణమున ఉర్దూలోను ప్రతులుండుట మేలు. ప్రాణహిత కావలి సిరోంచవారితో లెక్కలు మార్చుకొనుట కలెక్టరుగారు ఒక జాబుతో చేయగల పని.

ధనము లేదందురా? పదునైదవ ఆర్థికసంఘమువారు 2021నుండి 2026వఱకు ఐదేండ్లకు స్థానికసంస్థలద్వారా ఆరోగ్యమునకై దేశమంతటికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసిరి. కాగితము, జిగురు, డప్పు కొట్టువాని కూలి యా మొత్తములో ఎంత? అడుగు నాథుడు లేక యిట్టివి జరుగవు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల కాలము తీఱిన పిమ్మట ఎన్నికలు వెంటనే జరుపక, పంచాయతీలను ప్రత్యేకాధికారుల చేతిలో నుంచిరి. అట్టికాలమున మహమ్మారి వచ్చియుండిన పల్లెల పక్షమున జిల్లా కార్యాలయమున నోరెత్తువా రెవరు? పురపాలకసంఘము నగరపాలక సంస్థయైనంతమాత్రమున వీథిలోనివానికి పడక సంగతి తెలియవచ్చునా?

ఈ కాగితపు నమూనాను ఒక పుటకు మించకుండ తయారుచేయుట జిల్లా వైద్యశాఖకు ఒక పూట పని. వచ్చు వానకాలమునకు పూర్వమే కలెక్టరుగారు దానిని మండలములకు పంపవలెనని కోరుచున్నాము. తొలి కాగితము గోడమీద కనబడిననాడు దానిని మొదటి యక్షరమునుండి చివఱి యక్షరమువఱకు మా పత్రికలో అచ్చువేయుదుము. అందులకు సర్కారునుండి దమ్మిడీ రుసుము పుచ్చుకొనము.